ఇరుగన్నం

మొన్న శనివారం డబ్లిన్‌లో, అంటే నేనుంటున్న ఈ కాలిఫోర్నియా డబ్లిన్‌లో, రోడ్డు పక్కన ఆపిన ఒక తిండి బండి దగ్గర ఒకాయన అప్పుడే నూనెలోంచి తీసిన బంగాళాదుంప ముక్కల మీద గోధుమరంగు వెనిగర్ చిలకరించాడు. ఆవిరితోపాటు పైకి లేచిన ఆ పుల్లటి, ఘాటైన వాసన తగిలి నేను నడుస్తున్నదాన్నల్లా నిలబడిపోయాను. కొత్త చింతకాయ పచ్చడి జాడీకి మూత తీసినప్పుడు వచ్చే వాసనకి అది దూరపు చుట్టం. నా మటుకు నాకు అది డాట్ ఆంటీ వంటింటి వాసన.

నాకు ఆరేళ్ళు, తమ్ముడికి మూడేళ్ళు ఉన్నప్పుడు మేం తెనాలి నుంచి ఇల్లినాయ్‌లోని అరోరాకి వచ్చాం. నాన్నది కన్సల్టెంట్ ఉద్యోగం. అమ్మ వీసాకి ఉద్యోగం చేసే వీలు లేదు కాబట్టి ఇల్లే ఆమె లోకం. ఎర్ర ఇటుకల మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మాది. సాయంత్రం బడి నుంచి వచ్చి చెక్క మెట్లెక్కుతుంటే ఒక తలుపు సందులోంచి ఇంగువ తాళింపు, ఇంకో తలుపు సందులోంచి మాడిన చీజ్, మరోచోట నుంచి బట్టలు ఆరబెట్టే మెషీన్ తాలూకు వెచ్చటి సబ్బు వాసన వస్తుండేవి. అక్టోబరులో పార్కింగ్ నిండా మేపుల్ ఆకులు ఎర్రగా రాలి, వాన పడితే కార్ల అద్దాలకి పసుపుకుంకాలు అద్దినట్టు అతుక్కునేవి. జనవరిలో మంచు కిటికీ గట్టు దాకా పేరుకుంటే అమ్మ దాన్ని చూస్తూ అష్టాచెమ్మా గళ్ళు గీసి, చింతగింజలు లేక బాదం గింజలతో మాతో ఆడేది. వేసవిలో బడి వెనక మొక్కజొన్న చేల మీదుగా వచ్చే గాలి పాలు కాగుతున్న వాసన వేసేది. ఉగాదికి వేపపువ్వు దొరక్క అమ్మ కాకరకాయ తురుము వేయించి పచ్చడిలో కలిపేది. "చేదుకి చేదే కదా" అనేది.

మా తమ్ముడి పేరు ప్రమోద్. వాడికి నత్తి. అచ్చులతో మొదలయ్యే మాటలు చక్కగా వచ్చేవి. అమ్మా అనగలడు, అక్కా అనగలడు. పకారం, కకారం, బకారం, 'స్ట' లాంటివి వస్తే మాత్రం పెదాలు బిగుసుకుపోయి, మెడ నరం ఉబ్బి, కళ్ళు గట్టిగా మూసుకుపోయేవి. తెనాలి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఒక వైద్యం చెప్పేవాళ్ళు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించమని అమ్మమ్మ ఎవరో వచ్చేవాళ్ళ చేత పొట్లం కట్టి పంపింది. నాన్న అయితే "నిదానంగా చెప్పరా, ఎవరూ తరమట్లేదు" అనేవారు. అలా అన్న ప్రతిసారీ వాడికి ఇంకా బిగుసుకుపోయేది. ఇక నేను. వాడి పెదాలు బిగుసుకోగానే ఆ మాట నేనే అనేసేదాన్ని. అది ప్రేమ అనుకునేదాన్ని. సగం ప్రేమే. మిగతా సగం, పక్కవాళ్ళు మా వైపు చూస్తున్నారన్న సిగ్గు.

అమ్మ తన చిన్నప్పటి కభాష మాకు నేర్పాలని చూసింది. ప్రతి అక్షరం ముందూ 'క' పెట్టి మాట్లాడటం. 'నువ్వు రా' అనాలంటే 'కనుకవ్వు కరా' అనాలి. తెనాలిలో స్నేహితురాళ్ళంతా పెద్దవాళ్ళకి అర్థం కాకుండా గంటల తరబడి ఆ భాషలో చెప్పుకునేవాళ్ళట. నేను రెండు రోజుల్లో పట్టేశాను. తమ్ముడికి మాత్రం ప్రతి అక్షరం ముందూ ఒక గోడ కట్టినట్టయింది. మొదటి 'క' దగ్గరే ఆగిపోయి, లేచి వెళ్ళి కార్పెట్ మీద బోర్లా పడుకున్నాడు. అమ్మ మళ్ళీ ఆ ఆట ఎత్తలేదు.

నేను నాలుగో తరగతిలో, వాడు ఒకటో తరగతిలో ఉన్న ఏడాది, బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించడానికి కొత్తగా ఒకావిడ వచ్చింది. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, మోకాళ్ళ దాకా వేలాడే నారింజరంగు కోటు, చేతిలో 'స్టాప్' అని రాసిన ఎర్ర పలక. మా బిల్డింగ్‌లోనే కింది అంతస్తులో ఉండేది. పుట్టింది లండన్ తూర్పు భాగంలో. వయసులో ఉన్నప్పుడు ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేసింది, ఆయన పోయాక ఒక పిల్లితో ఒక్కతే ఉంటోంది. పేరు డాట్. పెద్దావిణ్ణి పేరుపెట్టి పిలవకూడదని అమ్మ అనడంతో మాకు డాట్ ఆంటీ అయింది.

మొదటిరోజు తమ్ముణ్ణి చూసి, "ఆల్ రైట్, మై ఓల్డ్ చైనా?" అంది.

వాడికి కోపం వచ్చింది. కోపంలో మాటలు తన్నుకుని వచ్చేవి వాడికి. "అయామ్ నాట్ చైనా. అయామ్ ఇండియన్" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆపుకోలేక పలక రోడ్డు మీద ఆనించి నిలబడింది. తరవాత వంగి వాడికి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో 'మేట్' అంటే స్నేహితుడు. దానికి 'చైనా ప్లేట్' అనే మాటతో ప్రాస కుదురుతుంది. ముందు స్నేహితుణ్ణి చైనా ప్లేట్ అన్నారు, ఆ తరవాత ప్లేట్‌ని కూడా వదిలేసి వట్టి చైనా అన్నారు. "కాబట్టి నువ్వు నా స్నేహితుడివి, అంతే. ఇక రోడ్డు దాటు."

ఆ ఏడు వినాయక చవితికి అమ్మ ఉండ్రాళ్ళు, పాలతాలికలు స్టీలు డబ్బాలో పెట్టి నా చేత ఆవిడకి పంపింది. అమెరికాలో ఖాళీ డబ్బా తిరిగి రాదనుకున్నాం. కానీ ఆవిడ డబ్బా కడిగి తెచ్చి, అమ్మనీ మా ఇద్దర్నీ టీకి రమ్మని పిలిచింది. ఆ సాయంత్రమే మొదటిసారి ఆ వెనిగర్ వాసన చూశాను. లావుగా తరిగి వేయించిన బంగాళాదుంపలు కాగితంలో పోసి, ఉప్పు జల్లి, పైన వెనిగర్ చిలకరించి ఇచ్చింది. అమ్మ ఒక ముక్క తిని, కాసేపు ఆలోచించి, పైకి వెళ్ళి కారం సీసా తెచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ స్నేహితులు. అమ్మకి వచ్చిన ఇంగ్లీషు కొంచెం, ఆవిడ ఇంగ్లీషు అమ్మకి అర్థమయ్యేది అంతకన్నా కొంచెం.

డాట్ ఆంటీ వాళ్ళ నాన్న లండన్ సంతలో తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవాడట. కొనేవాళ్ళ ముందే ధర మాట్లాడుకోవడానికి, పోలీసు వస్తుంటే ఒకరినొకరు హెచ్చరించుకోవడానికి బండ్లవాళ్ళు అలా మాటలు మార్చుకున్నారని ఆయన చెప్పేవాడట. "మా నాన్న చెప్పినవన్నీ నిజాలని నేను పూచీ పడను" అని కూడా అంది ఆవిడ. మెట్లంటే 'స్టెయిర్స్' కాబట్టి 'ఆపిల్స్ అండ్ పేర్స్', వాడకంలో వట్టి ఆపిల్స్. తలకాయ అంటే 'హెడ్' కాబట్టి 'లోఫ్ ఆఫ్ బ్రెడ్'. బుర్ర వాడమని చెప్పడానికి 'యూజ్ యువర్ లోఫ్' అని లండన్‌లో ఎందరో అంటారు, అది రొట్టె ముక్కలోంచి వచ్చిందని చాలామందికి తెలియదు. ఒకసారి చూసి రమ్మనడానికి 'హావ్ ఎ బుచర్స్' అంటారు. చూపు అంటే 'లుక్', మాంసం కొట్టువాడి కొక్కెం 'బుచర్స్ హుక్'. కొక్కెం రాలిపోయి కొట్టువాడు మిగిలాడు. అన్నిటికన్నా మాకు నచ్చింది రాస్ప్‌బెరీ. నాలుక బయటపెట్టి బుర్రుమని ఊదడాన్ని అమెరికా పిల్లలం మేం కూడా రాస్ప్‌బెరీ ఊదడం అనేవాళ్ళం. ఆ పండుకీ ఆ శబ్దానికీ ఏం సంబంధమో ఎప్పుడూ ఆలోచించలేదు. అసలు మాట 'రాస్ప్‌బెరీ టార్ట్'. టార్ట్‌తో ప్రాస కుదిరే, నలుగురిలో అనకూడని ఆ కడుపు గాలి మాట ఏమిటో ఆవిడ చెవిలో చెప్పగానే తమ్ముడూ నేనూ కుర్చీల్లోంచి జారి కింద పడి నవ్వాం.

"ఏంటే అంత నవ్వు?" అంది అమ్మ. మేం తెలుగులోకి మార్చలేదు.

ఆ రోజు ఇంటికి వస్తూ మెట్ల దగ్గర తమ్ముడు ఆగి, "అక్కా, ఆపిల్స్" అన్నాడు. 'స్టెయిర్స్' అనే మాట వాడికి ఏనాడూ ఒక్క ప్రయత్నంలో రాలేదు. ఆపిల్స్ అద్దం మీద నీటిబొట్టులా జారి వచ్చేసింది. వాడు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గోడకి ఉన్న తలుపు ఒకటి దొరికినవాడి చూపు అది.

రెండు వారాల్లో ఆ తలుపు తెలుగులోకి కూడా తెరిచాడు. ఒక రాత్రి భోజనాల దగ్గర కంచం ముందుకు జరిపి, "అమ్మా, నీరు వెయ్యి" అన్నాడు.

"గ్లాసులో ఉన్నాయిగా నీళ్ళు?"

"నీళ్ళు కాదు. నీరూ నిప్పూ. నిప్పుకి ఏది రైమ్ అవుతుందో నువ్వే చెప్పు."

అమ్మ గరిట పట్టుకుని ఆలోచించింది. "నిప్పు... ఉప్పు... పప్పా?"

వాడు తల ఊపాడు. అమ్మ పప్పు వేసింది. వేస్తూ వాడి ముఖంలోకి చూసింది. పప్పు అనడానికి వాడు ఎంత తంటాలు పడతాడో ఆమెకన్నా తెలిసినవాళ్ళు లేరు.

అక్కణ్ణుంచి మా ఇంట్లో భాష మారిపోయింది. 'ఇరుగూ పొరుగూ' లోని పొరుగుకి ప్రాస పెరుగు, కాబట్టి పెరుగు 'ఇరుగు' అయింది, పెరుగన్నం ఇరుగన్నం అయింది. 'అక్కా చెల్లీ' లోంచి పిల్లి 'అక్క' అయింది. డాట్ ఆంటీ అక్కని ఒళ్ళో పెట్టుకుని దువ్వుతోందని వాడు చెప్పినప్పుడు నేను వాడి వీపు మీద ఒకటి వేశాను. నాన్న అనడానికి వాడికి ఏ కష్టమూ లేదు, అయినా ఊరుకోక 'అట్టూ వెన్నా' అని కట్టి నాన్నని 'అట్టు' చేశాడు. సాయంత్రం తాళం చప్పుడవగానే "అమ్మా, అట్టొచ్చింది" అనేవాడు. మొదటిరోజు నాన్న బూట్లు విప్పకుండానే వంటింట్లోకి తొంగిచూసి, "ఏదీ అట్టు?" అన్నారు. సంగతి తెలిశాక, "ఉన్న రెండు భాషలే సరిగ్గా రాలేదు, మూడోది కూడానా?" అని విసుక్కున్నారు గానీ, వారం తిరిగేసరికి ఆయనే "కాస్త ఇరుగు ఇటు జరుపు" అంటున్నారు. ఉగాదికి భోజనానికి పిలిచిన ఆంటీ ఒకావిడ, అమ్మ అలవాటులో ఇరుగన్నం అంటే విని, "అదేం వంటండీ, మీ వైపుదా?" అని అడిగింది. అమ్మ తడుముకోకుండా అవునంది.

ఆ వేసవిలో తమ్ముణ్ణి పార్కువాళ్ళ స్విమ్మింగ్ క్లాసులో చేర్పించారు. ఆఖరి రోజు వాణ్ణి తీసుకురావడానికి అమ్మతో నేనూ వెళ్ళాను. ఎండకి సిమెంటు కాలుతోంది, క్లోరిన్ వాసన కళ్ళకి తగులుతోంది. మేం కంచె దగ్గర నిలబడగానే క్లాసు చెప్పే అమ్మాయి వెనక్కి తిరిగి, "ఆడమ్, మీ అమ్మ వచ్చింది" అని కేక వేసింది. ఆడమ్ వాళ్ళ అమ్మ ఎవరా అని అమ్మ అటూ ఇటూ చూసింది. నీళ్ళలోంచి మా తమ్ముడు బయటికి వచ్చాడు. ఆ అమ్మాయి వాడి చేతిలో పెట్టిన సర్టిఫికెట్ మీద కూడా ఆడమ్ అనే ఉంది.

సగం దారి దాకా అమ్మ ఆ సర్టిఫికెట్ పట్టుకుని నడిచింది. ఒక చెట్టు నీడ రాగానే ఆగి, తువ్వాలుతో వాడి తల తుడుస్తూ, "ఎందుకు నాన్నా అట్లా చెప్పావ్? నీ పేరు బాలేదా?" అంది.

"అదేం లేదు."

"మరి?"

"ఆ పేరు వస్తుందమ్మా" అన్నాడు.

ప్రమోద్ అనే పేరు అమ్మ పెట్టింది. వాడు కడుపులో ఉన్నప్పుడే ప్రమోదం అంటే సంతోషం కదా అని ఎంచుకుని, మగపిల్లాడు పుట్టేదాకా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఆ సాయంత్రం నాన్నకి సర్టిఫికెట్ చూపించి జరిగింది చెప్పింది. నాన్న కోప్పడతారనుకుని నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన ఆ కాగితాన్ని చూసి, బల్ల మీద పెట్టి, "ఆఫీసులో నన్ను శామ్ అంటారు. సుబ్రహ్మణ్యం అనలేకపోతున్నారని నేనే అట్లా పిలవమన్నా" అన్నారు. అది అమ్మకి కూడా అప్పటిదాకా తెలియదు.

మర్నాడు అమ్మ ఒక్కతే కిందికి వెళ్ళింది. ఫోన్ మోగితే ఇంగ్లీషులో మాట్లాడాలని భయపడి నా చేతికి ఇచ్చే మనిషి, అంతసేపు డాట్ ఆంటీతో ఏ మాటల్లో చెప్పుకుందో నాకు తెలియదు. గంట తరవాత డాట్ ఆంటీయే మెల్లగా మెట్లెక్కి పైకి వచ్చింది. సోఫాలో తమ్ముడి పక్కన కూర్చుంది.

"ఆ మాటలు మా నాన్న పోలీసుల దగ్గర వాడాడు, బేరమాడేవాళ్ళ దగ్గర వాడాడు. ఇంటికొచ్చాక మా అమ్మతో మెట్లని మెట్లనే అనేవాడు. ఆ సంగతి నీకు చెప్పడం మరిచిపోయాను, తప్పు నాది" అంది. "ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకుందాం. బడి తెరిచాక రోజూ పొద్దున రోడ్డు దగ్గర నాకొక కొత్త ప్రాస చెప్పు. చెప్పాక దాని వెనకున్న అసలు మాట కూడా చెప్పు. ఎంతసేపు పట్టినా సరే."

"బస్సులూ కార్లూ ఆగి ఉంటాయి కదా?" అన్నాన్నేను.

"ఆగుతాయి. ఆపడానికేగా నాకు ఆ పలక ఇచ్చింది" అంది ఆవిడ.

బడి తెరిచాక, మాటలు నేర్పడానికి వారానికి రెండుసార్లు వచ్చే టీచర్ కూడా దాదాపు అదే చెప్పింది. రాని మాటని తప్పించుకుని పక్కదారి పట్టినకొద్దీ ఆ మాట మీద భయం పెరుగుతుందట. ప్రాసలు సరదాకి ఉంచుకోమంది, దాక్కోవడానికి వద్దంది.

రోజూ పొద్దున రోడ్డు అంచున ఆ తతంగం జరిగేది. డాట్ ఆంటీకి తెలుగు రాదు, అయినా 'నీరు' విని 'పప్పు' కోసం ఎదురుచూసేది. వాడు పెదాలు బిగించి, కళ్ళు మూసుకుని, చివరికి ఎలాగో ఆ మాట బయటికి తెచ్చేవాడు. ఆవిడ ఎప్పుడూ శభాష్ అనేది కాదు. సరే అన్నట్టు తల ఊపి రోడ్డు మీదికి దిగేది.

ఒకరోజు వాడు మాట మొదలుపెట్టేసరికి పిల్లలు ఎక్కువై, ఆవిడ పలక ఎత్తి రోడ్డు మధ్యకి నడిచింది. మేమూ దిగాం. నడుస్తూనే వాడు, "ఈ రోజు రైమ్ లేదు. మై నేమ్ ఈజ్..." అని ఆగిపోయాడు. మాట ఆగితే వాడి కాళ్ళు కూడా ఆగేవి. మిగతా పిల్లలు దాటిపోయారు. రెండు వైపులా కార్లు నిలబడ్డాయి. మొదటి కారులో మా క్లాసు అమ్మాయి, కిటికీలోంచి మమ్మల్నే చూస్తోంది. నా చెవులు వేడెక్కాయి. "ప్రమోద్. హిజ్ నేమ్ ఈజ్ ప్రమోద్" అనేసి, వాడి చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కుపోయాను.

వాడు చెయ్యి విదిలించుకున్నాడు. బడిలో గాని, తిరిగి వస్తూ గాని, భోజనాల దగ్గర గాని నాతో మాట్లాడలేదు. నేను నా వాటా అరిసె వాడి కంచంలో పెడితే తీసి పక్కన పెట్టాడు. పడుకోబోయే ముందు మాత్రం అన్నాడు.

"అక్కా, సగం వచ్చింది. నువ్వు తీసేసుకున్నావ్."

నా జీవితంలో నన్ను ఎన్నో మాటలన్నారు. అంత చిన్న గొంతుతో, అంత నిజంగా ఎవరూ అనలేదు.

తరవాత చాలా రోజులు వాడు పేరు జోలికి పోలేదు. నవంబరు చివర మొదటి మంచు పడ్డ పొద్దున, రోడ్డంతా తెల్లగా, కార్ల పొగ కూడా తెల్లగా ఉన్నప్పుడు, సరిగ్గా అదే చోట ఆగి, డాట్ ఆంటీ వైపు తిరిగి మొదలుపెట్టాడు. పెదాలు బిగుసుకున్నాయి. నేను నా ఉన్ని గ్లవుజుని పళ్ళతో కరిచిపట్టుకున్నాను. తడి ఉన్ని రుచి, మంచు రుచి. ఒక కారు హారన్ కొట్టింది. డాట్ ఆంటీ అటు తిరగలేదు, చేతిలోని పలకని ఇంకాస్త పైకి ఎత్తింది. వాడి కనుబొమల మీద మంచు రేకులు పడి కరిగిపోతున్నాయి. 'ప్' అన్న శబ్దం వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది, సాగింది, తెగింది. ఆ తరవాత పేరు మొత్తం వచ్చింది.

"కలిసినందుకు సంతోషం, ప్రమోద్" అంది డాట్ ఆంటీ, అప్పుడే పరిచయమైనట్టు. వాడు అవతలికి నడిచాడు. నేను వాడి వెనక నడిచాను.

వాడి నత్తి పోలేదు. ఇప్పటికీ ఉంది. కానీ మళ్ళీ ఎవరికీ వేరే పేరు చెప్పలేదు. నాన్న కూడా ఆ తరవాత చేరిన ఉద్యోగంలో సుబ్రహ్మణ్యమే అయ్యారు, వాళ్ళు ఎలా పలికినా సరేనని.

నేను మిడిల్ స్కూల్లో ఉండగా మోకాళ్ళు పనిచేయక డాట్ ఆంటీ వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ప్రతి క్రిస్మస్‌కీ తమ్ముడి పేరు మీద కార్డు వచ్చేది. ఒక ఏడాది ఆవిడ రాతకి బదులు కూతురి రాతతో ఉత్తరం వచ్చింది. తమ్ముడు చదివి, మడిచి, "బ్రౌన్ బ్రెడ్" అన్నాడు. 'డెడ్' అనే మాటకి వాళ్ళ ఊరి ప్రాస అది. తన భర్త గురించి చెప్పేటప్పుడు ఆవిడ కూడా ఎప్పుడూ ఆ మాటే అనేది. అమ్మ ఆ పూట డాట్ ఆంటీ పేరున వంటింట్లో చిన్న దీపం పెట్టింది.

లండన్ సంతలో పుట్టిన మాటలు ఎవరు పుట్టించారో తెలియకపోయినా ఇంకా జనం నోళ్ళలో నానుతున్నాయి. మా మాటలు మాట్లాడినవాళ్ళం నలుగురమే. నాన్న పోయారు. అమ్మ ఇప్పుడు పెరుగుని పెరుగనే అంటుంది. మా పిల్లలకి చెప్పబోతే వాళ్ళకి 'ఇరుగూ పొరుగూ' అంటే ఏమిటో ముందు చెప్పాల్సి వచ్చింది, అది చెప్పేసరికి నవ్వు చల్లారిపోయింది.

పోయిన ఏడాది బంధువుల పెళ్ళికి అరోరా వెళ్ళినప్పుడు తమ్ముడూ నేనూ ఆ బిల్డింగ్ చూడటానికి వెళ్ళాం. చెక్క మెట్లు తీసేసి ఇనుప మెట్లు వేశారు. మొక్కజొన్న చేలలో ఇళ్ళు లేచాయి. బడి ముందు పలక పట్టుకునే మనిషి లేరు, సిగ్నల్ పెట్టారు. బటన్ నొక్కితే తెల్ల మనిషి బొమ్మ వెలిగి, పక్కన అంకెలు ఇరవై నుంచి కిందికి దిగుతాయి. తమ్ముడు బటన్ నొక్కి, ఏదో గుర్తొచ్చి నా వైపు తిరిగి, "అక్కా, ఆ రోజు మంచులో..." అని మొదలుపెట్టి, ఒక మాట దగ్గర ఆగిపోయాడు. అది ఏ మాటో నాకు తెలుసు. అంకెలు దిగుతున్నాయి. మా పక్కనున్న వాళ్ళు దాటి వెళ్ళిపోయారు. తెల్ల బొమ్మ ఆరిపోయి ఎర్ర చెయ్యి వెలిగింది, కార్లు కదిలాయి. మేం అంచునే నిలబడ్డాం. వాడు చెప్పడం పూర్తి చేశాక నేను మళ్ళీ బటన్ నొక్కాను.